హేతుపరీక్ష, 5వ పాఠం: భావన లేని చూపు నమ్మకానికి ఆధారం కాగలదా?

గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మీకు గట్టిగా ఉన్న నమ్మకం ఒకటి తీసుకొని, "ఇది ఎందుకు నమ్ముతున్నాను?" అని అడిగి, వచ్చిన జవాబును మళ్లీ అదే ప్రశ్నతో నిలదీస్తూ, ఇక సాగదనిపించే చోటి దాకా వెనక్కి వెళ్లమన్నాను. శ్రద్ధగా చేసినవారు ఏ నమ్మకంతో మొదలుపెట్టినా చాలాసార్లు ఒకే రకం చోటికి చేరి ఉంటారు: "చూశాను కాబట్టి", "విన్నాను కాబట్టి", "చేతికి తగిలింది కాబట్టి". అంతకుముందున్న లంకెలన్నీ నమ్మకాలే; ఒక నమ్మకం మరో నమ్మకాన్ని నిలబెడుతూ వచ్చింది. ఈ చివరి లంకె మాత్రం నమ్మకం కాదు, చూపు. నమ్మకం నమ్మకానికి ఆధారమవడం మనకు అర్థమవుతుంది, ఎందుకంటే రెండూ వాక్యాల రూపంలో పెట్టగలిగినవే. వాక్యం కాని చూపు వాక్యాన్ని ఎలా నిలబెడుతుంది?

ఈ ప్రశ్నను ఆసరా చేసుకొని ఈ విడతలో ఒక్క నేర్పును సాధన చేద్దాం: పైకి నున్నగా కనిపించే వాదం ఏ కీలు మీద తిరుగుతోందో వెతికి, ఆ కీలు మీద వేలు పెట్టి చూపించడం. తత్త్వశాస్త్రంలో ఈ సాధనకు ఇంతకంటే మంచి సరుకు నాకు దొరకలేదు. ఇక్కడ అన్ని పక్షాలలోనూ దిట్టలు ఉన్నారు, తేడా అంతా ఒకటి రెండు మాటల దగ్గరే ఉంది.

ముందుగా మాటలు. "నమ్మకం" అంటే ఇక్కడ మనిషి మీద పెట్టుకునే నమ్మకం కాదు. లోకం ఫలానా విధంగా ఉందని ఒప్పుకొని ఉండడం. "అనుమానం" అన్న శాస్త్రపదం వాడుకలో సందేహమనే అర్థంలో స్థిరపడిపోయింది కాబట్టి, తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లే ఆలోచనను "అనుమితి" అందాం. "భావన" అంటే మనసులో కలిగే ఉద్వేగం కాదు. వేర్వేరు ఆలోచనల్లో మళ్లీ మళ్లీ వాడుకోగలిగే ఆలోచనాంశం. "ఈ గోడ తెల్లగా ఉంది" అని ఆలోచించగలిగిన వ్యక్తికి కాగితమంటే ఏమిటో తెలిసి ఉంటే, "ఈ కాగితం తెల్లగా ఉంది" అని కూడా ఆలోచించగలగాలి. అలా విడదీసి మరోచోట అతికించగలిగినప్పుడే "తెలుపు" అన్న భావన అతనికి ఉన్నట్టు. ఈ షరతును స్పష్టంగా చెప్పినవాడు గారెత్ ఎవాన్స్. 1980లో ముప్పై నాలుగేళ్లకే మరణించిన ఈ తాత్త్వికుడి ప్రధాన గ్రంథం 1982లో వెలువడింది. ఈనాటి చర్చకు మూలం చాలా వరకు అందులోనే ఉంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన మాట "కారణం". "బట్టలు ఎందుకు తడిశాయి?" అన్నా, "అలా ఎందుకు అనుకుంటున్నావు?" అన్నా మన భాషలో "ఎందుకు" ఒకటే, జవాబుగా వచ్చే "కారణం" కూడా ఒకటే. కానీ మొదటిది ఒక సంఘటనను పుట్టించిన సంగతి. రెండోది ఒక ఆలోచనను సబబు చేసే సంగతి. తలకు దెబ్బ తగిలి ఒక మనిషికి "ఈ రోజు ఆదివారం" అన్న నమ్మకం పుట్టిందనుకోండి. దెబ్బ ఆ నమ్మకాన్ని పుట్టించింది కానీ దానికి ఆధారం కాలేదు, ఆ రోజు నిజంగా ఆదివారమే అయినా సరే. పుట్టించే దానిని కారణమనీ, సబబు చేసే దానిని ఆధారమనీ ఈ పాఠమంతటా వేరుగా పిలుద్దాం. చూపు నమ్మకానికి కారణమన్నది ఎవరూ కాదనరు. ఆధారం కూడానా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి ఒక తెల్ల కాగితం తీసుకోండి. మధ్యకు మడిచి, గుడారంలా కిటికీ దగ్గర బల్ల మీద నిలబెట్టండి. ఒక ముఖం వెలుతురు వైపు, ఒక ముఖం గది వైపు ఉండాలి. గది వైపు ముఖాన్ని తీరిగ్గా చూడండి. మడత దగ్గర ఒక ఛాయ, కిందికి వస్తున్నకొద్దీ మరో ఛాయ, బల్ల నుంచి తిరిగి వచ్చే వెలుతురు తాకే అంచు దగ్గర ఇంకొకటి. కాగితమంతా తెలుపే అని మీకు తెలుసు, నిజానికి తెలుపుగానే కనిపిస్తోంది కూడా. అయినా ఎక్కడికక్కడ కనిపించే తీరు మారుతూనే ఉంది. ఈ ఛాయలకు పేర్లు పెట్టే ప్రయత్నం చేయండి. "తెలుపు", "మసక తెలుపు", "లేత బూడిద" అనేసరికి పేర్లు అయిపోతాయి, ఛాయలు అయిపోవు. కన్ను విడదీయగలిగిన వాటిని మాట విడదీయలేకపోతోంది.

మరో కాగితానికి చిన్న రంధ్రం చేసి, దానిలోంచి మొదటి కాగితం మీది ఒక చోటును మాత్రమే చూడండి. ఆ ఛాయను బాగా మనసుకు పట్టించుకొని, కళ్లు మూసుకొని అరవై లెక్కపెట్టండి. ఈలోగా రంధ్రం ఉన్న కాగితాన్ని ఎవరితోనైనా పక్కకు జరిపించండి. కళ్లు తెరిచి, రంధ్రాన్ని మెల్లగా జరుపుతూ అదే ఛాయను మళ్లీ పట్టుకోండి. ఒకచోట ఆగుతారు. అదేనని ఒట్టు వేయగలరా? నేను ఎన్నిసార్లు చేసినా వేయలేకపోయాను. ఈ తడబాటును గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఇక వాదాన్ని విప్పుదాం. చర్చ మొత్తాన్ని మూడు వాక్యాల్లో నిలబెట్టవచ్చు. వాటిలో "ప్రత్యక్షానుభవం" అంటే చూపు, వినికిడి వంటి ఇంద్రియానుభవం; "విషయం" అంటే ఒక అనుభవం గానీ నమ్మకం గానీ లోకం ఎలా ఉందని చూపుతుందో అది. ఒకటి: ప్రత్యక్షానుభవం నమ్మకాలకు ఆధారమవుతుంది. రెండు: భావనలతో కూడిన విషయం ఉన్నదే ఆధారం కాగలదు. మూడు: ప్రత్యక్షానుభవంలోని విషయం భావనలతో కూడినది కాదు. విడివిడిగా చూస్తే మూడూ నమ్మదగినవే, కానీ ఏ రెండింటిని ఒప్పుకున్నా మూడోది నిలవదు. ఒక చర్చ చిక్కుముడిలా అనిపించినప్పుడల్లా ఇలా పొసగని వాక్యాల గుంపును తయారు చేసుకోండి. ఎవరు ఏ వాక్యాన్ని వదులుకుంటున్నారో చూస్తే పక్షాలన్నీ వాటంతటవే వరుసలోకి వస్తాయి.

మొదటి వాక్యాన్ని వదులుకున్నవాడు డొనాల్డ్ డేవిడ్సన్. ఒక నమ్మకానికి ఆధారం కాగలిగింది మరో నమ్మకమే తప్ప వేరేది కాదని 1983 నాటి వ్యాసంలో ఆయన నిక్కచ్చిగా అన్నాడు. ఆయన లెక్కలో ఇంద్రియానుభవం నమ్మకానికి కారణం మాత్రమే. ఈ దారి చిక్కును తొలగిస్తుంది కానీ దానికి చెల్లించే మూల్యం పెద్దది. నమ్మకాలన్నీ ఒకదానినొకటి ఆనుకొని నిలబడి ఉంటే, వాటిలో ఏదీ లోకాన్ని ఆనుకోనట్టే కదా అన్న భయం వెంటనే తలెత్తుతుంది. ఆ భయానికి తనదైన సమాధానం డేవిడ్సన్ దగ్గర ఉన్నా, ఈ పాఠానికి అది దూరం.

మూడో వాక్యాన్ని వదులుకున్నవాడు జాన్ మెక్‌డవెల్. 1991లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో, 1994లో అవి గ్రంథరూపంలో వచ్చినప్పుడు, అనుభవంలోనే భావనలు పనిచేస్తూ ఉంటాయని ఆయన వాదించాడు. భావనలు లేని ఇంద్రియజ్ఞానం గుడ్డిదన్న కాంట్ మాట ఈ పక్షానికి పతాక వంటిది. రెండో వాక్యాన్ని వదులుకున్నవారిలో క్రిస్టఫర్ పీకాక్, హెక్ వంటివారు ఉన్నారు. నా మొగ్గు కూడా అటే. అందువల్లనే ఎదుటి పక్షాన్ని ఎంత బలంగా నిలబెట్టగలనో అంత బలంగా నిలబెట్టే ప్రయత్నం చేస్తాను. మీకు కూడా చెప్పేది అదే: మీరు కూల్చబోయే పక్షాన్ని ముందు దాని సొంతదారు మెచ్చుకునేలా నిలబెట్టండి.

రెండో వాక్యానికి బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1956లో లండన్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాల్లో విల్ఫ్రిడ్ సెల్లార్స్, ఇంద్రియాలు మన చేతికి ఆధారాన్ని సిద్ధంగా అందిస్తాయన్న ఊహను మిథ్య అన్నాడు. ఆయన వాదం నుంచి తరచుగా తీసే ద్వంద్వం ఇది. ఇంద్రియాలు అందించే దానికి "లోకం ఇలా ఉంది" అని చెప్పే గుణం ఉందా, లేదా? లేకపోతే అది దెబ్బ లాంటిది, నమ్మకాన్ని పుట్టిస్తుంది కానీ సబబు చేయదు. ఉంటే అది కూడా తప్పు కావచ్చు. అలాంటప్పుడు దానిని కూడా నిలబెట్టే మరో ఆధారం కావాలి, అది ఆఖరి లంకె కాదు. ఎటు వెళ్లినా గొయ్యే.

వాదంలో ఇలాంటి రెండు దారుల చీలిక కనిపించినప్పుడు అడగవలసినది ఒక్కటే: మూడో దారి నిజంగా లేదా? నేను మొదటిసారి ఈ వాదాన్ని చదివినప్పుడు చీలిక బిగువుగానే ఉందనుకొని ముందుకు సాగిపోయాను. మళ్లీ తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది. "లోకం ఇలా ఉంది అని చెప్పడం" అన్న ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒప్పు తప్పులు ఉండడం ఒకటి. భావనలతో కట్టిన వాక్యార్థం కలిగి ఉండడం మరొకటి. రెండోది ఉన్నచోట మొదటిది ఉంటుంది; మొదటిది ఉన్న ప్రతిచోటా రెండోది ఉండాలా?

ఒక పటాన్ని తలచుకోండి. రోడ్డు, దానికి ఉత్తరాన బావి, మధ్యలో వంక, అంటే చిన్న వాగు. పటం సరిగ్గా ఉండవచ్చు, తప్పుగా ఉండవచ్చు. కాబట్టి దానికి ఒప్పు తప్పులు ఉన్నాయి. కానీ పటంలో కర్త, క్రియ లేవు. "రోడ్డు" అన్న ముక్కను విడదీసి మరో వాక్యంలో అతికించినట్టు పటం నుంచి ఏదీ అతికించలేం. బావి గుర్తును గీసేటప్పుడు రోడ్డుకు అది ఎంత దూరమో, వంకకు ఏ పక్కనో, ఏ దిక్కుకు ఎంత ఒరిగి ఉందో అంతా ఒక్క గీతలో ఒక్కసారే పడిపోతుంది. వాటిలో ఒకటి చెప్పి మిగతావి చెప్పకుండా ఉండే వీలు పటానికి లేదు, వాక్యానికి ఉంది. చూపు పటంలాంటిదనే నేను అనుకుంటున్నాను. పీకాక్ 1992లో ఇచ్చిన వివరణ కూడా ఈ దిశలోనిదే: చూసేవాడి చుట్టూ ఉన్న చోటు ఏ తీరున నిండి ఉంటే ఈ అనుభవం సరైనదవుతుందో, ఆ తీరే అనుభవంలోని విషయం. దానిని వర్ణించడానికి మనం గజాలూ డిగ్రీలూ వాడుతాం కానీ, చూసేవాడికి గజం అంటే తెలియనవసరం లేదు.

ఇక్కడ ఎదుటి పక్షం గట్టిగా అడ్డుపడుతుంది, పడాలి కూడా. పటం తనంతట తాను ఎవరికీ ఆధారం కాదు, చదవగలిగిన వాడికే ఆధారమవుతుంది, చదవడమంటే భావనలను ప్రయోగించడమే కదా? ఈ అభ్యంతరంలో పటం విషయంలో నిజం ఉంది. కానీ పటాన్ని మనం చూస్తాం. మన చూపును మనం చూడం. కాగితం ముందు కూర్చున్నప్పుడు మీరు చూసినది కాగితాన్ని, కాగితపు అనుభవాన్ని కాదు. చదవవలసిన వస్తువు మరొకటి మధ్యలో లేనప్పుడు, చదవడమనే మెట్టు కూడా ఉండనక్కరలేదు. "ఈ అంచు ఆ మడత కంటే వెలుగుగా ఉంది" అన్న నమ్మకం ఏర్పడినప్పుడు భావనలు కావలసింది ఆ నమ్మకానికి. దానికి ముందున్న చూపుకు కూడా అవే కావాలని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

అయితే ఆ చూపు నుంచి ఆ నమ్మకానికి వెళ్లడం సబబైన నడక అని ఎలా చెప్పగలం? దెబ్బ నుంచి ఆదివారానికి వెళ్లిన నడకకూ దీనికీ తేడా ఏమిటి? తేడా ఇది: చూపు సరైనదైతే నమ్మకం కూడా నిజమై తీరుతుంది. దెబ్బకు సరికావడం, తప్పుకావడం అనే ప్రసక్తే లేదు కాబట్టి అది దేనికీ పూచీ పడలేదు. భావనలు లేకపోయినా చూపుకు ఒప్పు తప్పుల షరతు ఉంది కాబట్టి అది పూచీ పడగలదు. పీకాక్ దీనికి ఇంకొక ముడి వేస్తాడు: "చతురస్రం" అన్న భావన ఒకరికి ఉండడమంటేనే, వస్తువు ఫలానా తీరుగా కనిపించినప్పుడు దానిని చతురస్రమని ఒప్పుకోగలగడం. ఏ చూపు ఏ నమ్మకానికి ఆధారమో భావన స్వభావంలోనే రాసి ఉందన్నమాట.

మెక్‌డవెల్ దీనికి ఇచ్చే జవాబు ఈ చర్చలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే మాట. ఆయన అనేది స్థూలంగా ఇది: మీరు చెప్పిన పొందిక బయటినుంచి చూసే సిద్ధాంతకారుడికి తెలుస్తుంది, నమ్మేవాడికి తెలియాల్సిన అవసరం మీ లెక్కలో లేదు, అలాంటప్పుడు మీరు అతనికి ఇచ్చింది మన్నింపే తప్ప సమర్థన కాదు. అతను అలా నమ్మినందుకు నింద మోయనవసరం లేదు, అంతే. మనకు కావలసింది అతని సొంత దృష్టిలో ఆధారంగా నిలిచే ఆధారం.

ఇదే కీలు. వేలు ఇక్కడ పెట్టండి. "అతని సొంత దృష్టిలో ఆధారంగా నిలవడం" అన్న మాటలో ఎన్ని అర్థాలు ఒదిగి ఉన్నాయో విడదీయండి. ఆధారం అతనికి అందుబాటులో ఉండి, దానిని బట్టి అతను నమ్మడం ఒక అర్థం. అడిగితే ఆధారాన్ని చెప్పగలగడం రెండో అర్థం. "ఇది దీనికి ఆధారం" అని తానే ఆలోచించి ఒప్పుకోగలగడం మూడో అర్థం. వీటిలో ఏది లేకపోతే సమర్థన లేదంటారు? రెండోది, మూడోది తప్పనిసరి అంటే పసిపిల్లలకు సబబైన నమ్మకం ఒక్కటి కూడా ఉండదు. టైలర్ బర్జ్ 2003లో వివరంగా వాదించినట్టు, నమ్మేవాడు చెప్పలేకపోయినా, తరచి చూసుకోలేకపోయినా అతనికి నమ్మే హక్కు ఉండవచ్చు.

సరే, మెక్‌డవెల్ కోసం అన్నిటికంటే కఠినమైన మూడో అర్థాన్నే ఒప్పుకుందాం. అయినా ఆయన నిర్ణయం రాదు. నేను నా చూపును తలచుకొని "నాకు ఈ రెండు చోట్లు ఒకేలా కనిపించలేదు, అందుకే ఇది వెలుగుగా ఉందంటున్నాను" అని ఆలోచించాలంటే, చూపు గురించి ఆలోచించే భావనలు నాకు ఉండాలి. చూపు ఆ భావనలతోనే తయారై ఉండాలని దాని అర్థం కాదు. రాయి గురించి ఆలోచించడానికి భావన కావాలి. రాయి భావనతో తయారైంది కాదు. రాయికీ చూపుకీ తేడా ఉందనీ, చూపుకు విషయం ఉందనీ మెక్‌డవెల్ పక్షం అంటుంది. నిజమే, కానీ ఆ విషయానికి ఒప్పు తప్పులు ఉంటే చాలని ఇంతకుముందే చూశాం. "ఆధారం గురించి ఆలోచించగలగాలి" నుంచి "ఆధారం ఆలోచన రూపంలోనే ఉండాలి" కి వేసిన అడుగుకు వాదంలో ఎక్కడా అనుమతి దొరకదు. మెక్‌డవెల్ కూడా తన పక్షాన్ని యథాతథంగా నిలుపుకోలేదన్నది ఇక్కడ గుర్తుచేయాలి: 2008 నాటి వ్యాసంలో ఆయన అనుభవానికి వాక్యార్థం వంటి విషయం ఉంటుందన్న మాటను వెనక్కి తీసుకున్నాడు, కాకపోతే దాని రూపం భావనాత్మకమేనని పట్టుబట్టాడు.

మూడో వాక్యం వైపు కూడా ఒకసారి తిరగాలి, ఎందుకంటే కాగితంతో మీరు పడిన శ్రమ అక్కడ పనికి వస్తుంది. కంటికి తెలిసే ఛాయలన్నిటికీ మన దగ్గర భావనలు ఉన్నాయా అని ఎవాన్స్ అడిగాడు. ఉన్నాయంటాడు మెక్‌డవెల్: పేరు లేకపోతేనేం, వేలు పెట్టి "ఆ ఛాయ" అనగలం కదా, అదే భావన. దీనికి షాన్ కెల్లీ 2001లో అన్నది, ఒక భావన ఉందంటే ఆ వస్తువును మళ్లీ గుర్తుపట్టగలగాలి అని. అరవై లెక్కపెట్టి కళ్లు తెరిచాక మీరు తడబడ్డారు, మరి చూస్తున్నప్పుడు ఛాయ స్పష్టంగానే ఉంది. తర్వాత మరిచిపోవడం అప్పుడు భావన లేదనడానికి రుజువు కాదని మెక్‌డవెల్ పక్షం అనవచ్చు, ఆ మాటలో సబబు ఉంది. అందుకే నేను కెల్లీ మాట కంటే హెక్ 2000లో చెప్పిన మాటను ముందు పెడతాను: "ఆ ఛాయ" అన్న భావన ఏ ఛాయను సూచిస్తుందో నిర్ణయించేది ఏది? నా ముందున్న అనుభవమే. అనుభవం అప్పటికే ఫలానా ఛాయను చూపుతూ ఉంటేనే "ఆ" అన్న మాటకు పట్టు దొరుకుతుంది. భావనకు విషయాన్ని ఇచ్చేది అనుభవమైతే, ఆ భావనే అనుభవానికి విషయాన్ని ఇచ్చిందనడం కుదరదు.

ఇప్పుడు మన భాషే ఇచ్చిన ఒక పనిముట్టు. తెలుగులో వాక్యార్థాన్ని పట్టి చూపే చిన్న మాట "అని". "చెట్టు కనిపించింది" అంటే "అని" లేదు. "అది చెట్టు అని తెలిసింది" అంటే ఉంది. మొదటి దానిలో చెట్టును చూసినవాడికి చెట్టు అనే భావన ఉందో లేదో వాక్యం తేల్చదు; పసిపాపకైనా చెట్టు కనిపించవచ్చు. రెండో దానిలో భావన ఉన్నట్టే. ఏ వాదంలోనైనా అనుభవాన్ని వర్ణించే వాక్యం ఎదురైతే "అని" ఉందో లేదో చూడండి, రచయిత ఎక్కడ మెల్లగా దానిని చొప్పించాడో పట్టుకోవచ్చు.

కానీ ఈ పనిముట్టు ఒక చోట మోసం చేస్తుంది. "బంతి తలుపు వెనక ఉందని పాప చూసింది" అని మనం అంటాం. ఇక్కడ "అని" ఉంది. బంతి, తలుపు, వెనక అన్న భావనలు ఎవరివి? పాపవా, చెప్పే మనవా? పాప అనుభవాన్ని చెప్పడానికి మన భావనలు వాడుకున్నంత మాత్రాన అవి పాపకు చేరవు. భావనలు లేని విషయం అంటే భావనలతో చెప్పలేని విషయమని చాలామంది పొరబడతారు. దాని అర్థం, అలాంటి అనుభవం కలగడానికి ఆ భావనలు ఆ వ్యక్తికి ఉండనక్కరలేదని మాత్రమే. కాబట్టి "అని" కనిపించిన వెంటనే రెండో ప్రశ్న కూడా వేయండి: భావన ఎవరిది?

ఈ దారిలో మన శాస్త్రకారులు చాలా ముందే నడిచారు. వారి ప్రశ్న, పైన చెప్పిన ప్రశ్న అచ్చంగా ఒకటి కాదు. వారిది ప్రమాణవిచారం, అంటే సరైన జ్ఞానానికి సాధనాలేవన్న విచారణ; మనం చూస్తున్నది నమ్మకాల ఆధారం. అయినా కీలు మాత్రం ఆశ్చర్యంగా ఒకటే. "ప్రత్యక్షం కల్పనాపోఢం" అన్నాడు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు: పేరు, జాతి మొదలైన వాటిని జోడించే కల్పన లేనిదే ప్రత్యక్షమని. అంటే అలాంటి కల్పన లేని జ్ఞానం, నిర్వికల్పకం, మాత్రమే అసలు ప్రత్యక్షం. వ్యాకరణవేత్త భర్తృహరి దీనికి పూర్తిగా ఎదురు కొనలో ఉన్నాడు: "న సోఽస్తి ప్రత్యయో లోకే యః శబ్దానుగమాదృతే", శబ్దం వెంట లేని జ్ఞానమే లోకంలో లేదు. మీమాంసకుడు కుమారిలుడు మధ్యలో నిలబడి, మొదట కలిగే ఆలోచనాజ్ఞానం (ఇక్కడ "ఆలోచన" అంటే ఊరికే చూడడం) నిర్వికల్పకమే, అది పసివాడి, మూగవాడి జ్ఞానం లాంటిదన్నాడు. ఆ తర్వాత వచ్చే, పేరు, జాతి వంటివి జోడించిన సవికల్పకాన్ని కూడా ప్రత్యక్షంగానే అంగీకరించాడు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం నవ్యన్యాయంలోని, అంటే న్యాయదర్శనపు తర్వాతి శాఖలోని, విశ్వనాథుడి మాట. నిర్వికల్పకం ప్రమా (సరైన జ్ఞానం) కాదు, భ్రమా (తప్పు జ్ఞానం) కాదని ఆయన కారిక, అంటే శాస్త్రాన్ని క్లుప్తంగా చెప్పే శ్లోకం: "న ప్రమా నాపి భ్రమః స్యాన్నిర్వికల్పకమ్". అందులో విశేషణ విశేష్యాల జోడింపు లేదు కాబట్టి ఒప్పు తప్పుల ప్రసక్తి లేదు. అంతేకాదు, నైయాయికుల లెక్కలో నిర్వికల్పకం మన లోచూపుకు అందేది కూడా కాదు. సవికల్పకానికి విశేషణం ముందే తెలిసి ఉండాలి కాబట్టి అది ఉండి తీరాలని అనుమితితో తేల్చుకోవలసిందే. సెల్లార్స్ చీలికలోని మొదటి కొమ్మను ఇక్కడ నిండు మనసుతో ఒప్పుకున్నారు: భావన లేని జ్ఞానం తర్వాతి జ్ఞానానికి కారణమవుతుంది, అంతవరకే.

దిఙ్నాగుడి సంప్రదాయానికి ఎదురైన చిక్కు దీనికి తలకిందులు. ప్రమాణమని ఒప్పుకున్న చూపులో "ఇది నీలం" అన్న నిశ్చయం లేదు. నిశ్చయం ఉన్నది కల్పనలో. మరి చూపు మనిషిని పనికి ఎలా నడిపిస్తుంది? ధర్మకీర్తి, ఆయన వ్యాఖ్యాత ధర్మోత్తరుడు దీనికి అధ్యవసాయాన్ని, అంటే నిశ్చయించుకోవడాన్ని, తీసుకువచ్చారు: చూపు తన వెంట నిశ్చయాన్ని పుట్టించినప్పుడే ప్రమాణంగా పనిచేస్తుంది. "పుట్టించడం" అన్న మాట దగ్గర మీరు ఆగి ఉంటే, ఈ పాఠం మీ చేతికి వచ్చినట్టే. అది కారణమా, ఆధారమా? నీలాన్ని చూసిన చూపు "నీలం" అన్న నిశ్చయాన్నీ పుట్టించగలదు, మరో సంస్కారం ఉన్నవాడిలో "అందం" అన్న నిశ్చయాన్నీ పుట్టించగలదు. మొదటిదే సబబైనదని చెప్పడానికి పుట్టించడానికి మించిన సంబంధం కావాలి.

అభ్యాసాలకు వద్దాం. మొదటిది నేను చేసి చూపిస్తాను. కాగితం మీద రెండు సమానమైన గీతలు గీయండి, ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్లు. ఒకదాని రెండు కొసలకు బాణపు మొనలు లోపలికి మడిచి, రెండోదాని కొసలకు బయటికి విప్పి గీయండి. 1889లో ముల్లర్-లయర్ ప్రచురించిన ఈ బొమ్మలో రెండో గీత పొడుగ్గా కనిపిస్తుంది. కొలబద్ద పెట్టి చూడండి, సమానమే. కొలిచాక కూడా పొడుగ్గానే కనిపిస్తుంది. ఇప్పుడు ఈ వాదాన్ని పరీక్షించండి: "కొలిచాక నమ్మకం మారింది, చూపు మారలేదు, కాబట్టి చూపులో భావనలు లేవు."

నా జవాబు. మొదటి సగం నిజం, దాని నుంచి రెండు సంగతులు వస్తాయి: చూపు నమ్మకం కాదు, చూపు తప్పు కాగలదు, అంటే దానికి ఒప్పు తప్పులు ఉన్నాయి. భావనలు లేవన్న నిర్ణయం మాత్రం రాదు. నమ్మకం కాని వాటిలో కూడా భావనలు ఉండవచ్చు. ఒక మాటను నమ్మకుండా ఊరికే ఊహించినప్పుడు దానిలో భావనలన్నీ ఉంటాయి, నమ్మకం ఉండదు. ఈ ఉదాహరణను భావనలు లేని అనుభవానికి రుజువుగా చూపించేవారు ఉన్నారు. వారి నిర్ణయం నాకు ఇష్టమైనదే అయినా, ఈ దారిలో అది చేతికి రాదు.

రెండోది మీరు చేయాలి. "భావనలు లేకుండా చూసేవాడికి తాను చూసినదేమిటో తెలియదు, తెలియనిది ఆధారం కాలేదు, కాబట్టి భావనలు లేని చూపు ఆధారం కాలేదు." ఇందులో "చూసినదేమిటో తెలియడం" ఎన్ని అర్థాల్లో వచ్చిందో, మొదటి వాక్యంలో ఏ అర్థం, రెండో వాక్యంలో ఏ అర్థం అయితే ఒక్కొక్కటీ నిజమవుతుందో విడివిడిగా రాయండి.

మూడోది కొంచెం కష్టం. విశ్వనాథుడి కారికను తీసుకొని, మన మూడు వాక్యాల్లో ఆయన దేనిని వదులుకున్నట్టో నిర్ణయించండి. నిర్వికల్పకానికి ఒక జవాబు, సవికల్పకానికి ఇంకొక జవాబు వస్తుంది, రెండింటినీ "ప్రత్యక్షం" అన్న ఒక్క పేరు కింద ఆయన ఉంచాడన్నది మరిచిపోవద్దు. మీ జవాబును రెండు వాక్యాలకు మించకుండా రాసి దగ్గర పెట్టుకోండి. ఆరో పాఠం ఆ వాక్యాలను విప్పడంతోనే మొదలవుతుంది.